నంబరు ఒకటి, బండి ఇంకొకటి: ఒక మీటర్‌గేజ్ ఇంజన్ ఆచూకీ

రైల్వే మెకానికల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాక, దిమ్మెల మీద నిలబెట్టిన ఆవిరి ఇంజన్ల లెక్క రాసుకోవడం నాకు వ్యసనంగా మారింది. ఏ స్టేషన్ ముందు ఏ బండి ఉంది, అంతకుముందు ఏ షెడ్డులో పనిచేసింది, ఇప్పుడు ఏమైంది అన్నీ రాసుకుంటాను. మా ఆవిడ దీన్ని ‘ఇనుప జనాభా లెక్కలు’ అంటుంది. ఇక్కడ రాస్తున్నది ఆ లెక్కల్లో నేను తప్పు చేసి, మళ్ళీ దిద్దుకున్న ఒక కేసు. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, ఇంజన్ నంబర్లు తీసేశాను. మొదటి నంబరును ‘క’ అని, రెండోదాన్ని ‘చ’ అని పిలుస్తాను.

నేపథ్యం

పేరున్న ఇంజన్లతో చిక్కు తక్కువ. 1855 నాటి ఫెయిరీ క్వీన్, చిత్తరంజన్ కార్ఖానా నుంచి 1950లో మొదటగా వచ్చిన దేశబంధు, 1970లో బ్రాడ్‌గేజ్‌కి, అంటే వెడల్పు పట్టాల లైన్లకి, ఆఖరి ఆవిరి ఇంజన్‌గా తయారైన అంతిమ్ సితారా లాంటి వాటిమీద ఎవరో ఒకరి కన్ను ఎప్పుడూ ఉంటుంది. ఢిల్లీలో 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియానికి చేరినవాటికీ ఫర్వాలేదు. తంటా అంతా పేరు లేనివాటితోనే.

పట్టాల మధ్య మీటరు దూరం ఉండే మీటర్‌గేజ్‌లో పాసింజర్ రైళ్ళు లాగడానికి వైపీ రకం ఇంజన్లు మొత్తం 871 తయారయ్యాయి. అమెరికాలో బాల్డ్‌విన్, గ్లాస్గోలో నార్త్ బ్రిటిష్, జర్మనీలో క్రాస్ మఫాయ్ కొన్ని చేస్తే, ఎక్కువ భాగం జంషెడ్‌పూర్‌లో టెల్కో చేసింది. గూడ్స్ కోసం చేసిన వైజీలు 1,074. చూడగానే పోల్చుకోవాలంటే పెద్ద చక్రాలు లెక్కపెట్టాలి. పక్కకి మూడుంటే వైపీ, నాలుగుంటే వైజీ. ఈ చిన్న లెక్క కూడా చూసుకోకుండా వైపీని వైజీ అని రాసిన బోర్డులు నేను చాలా చూశాను.

1992లో దేశమంతా ఒకే గేజ్ అనే ప్రాజెక్టు మొదలైంది. మీటర్‌గేజ్ లైన్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, మన వైపు లైన్లు కూడా అందులో పోయాయి. షెడ్డుల్లో వరసగా నిలబెట్టిన చల్లారిన ఇంజన్లను తుక్కుకి వేలం వేస్తూ, ఎక్కడైనా ఒక పెద్ద ఆఫీసరుకి మనసు పుడితే ఒకదాన్ని రంగులేసి దిమ్మె ఎక్కించేవారు. ఏది ఎక్కించాలన్నదానికి చరిత్ర ఎవరూ చూసేవారు కాదు. తుప్పు తక్కువగా ఉన్నది, క్రేన్‌కి అందే చోట ఉన్నది ఎక్కేది.

వచ్చిన సమస్య

అమెరికాలో ఉంటున్న ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ళ నాన్నగారికి 84 ఏళ్ళు. 1960లలో షెడ్డులో క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్ అయి, డ్రైవర్‌గా రిటైరయ్యారు. ఆయన చేతిలో ఎక్కువకాలం నడిచిన బండి ‘క’. అప్పట్లో ఆ షెడ్డులో బండికి సొంత క్రూ ఉండేవారు కాబట్టి, ‘మా బండి’ అనేది ఉత్తమాట కాదు.

‘క’ని ఒక ఊరి స్టేషన్ ముందు భద్రపరిచారని నా జాబితాతో సహా చాలా జాబితాల్లో ఉంది. కొడుకు సెలవుల్లో వచ్చి నాన్నగారిని అక్కడికి తీసుకెళితే దిమ్మె ఉన్నచోట పూలమొక్కలు, ఒక హైమాస్ట్ లైటు ఉన్నాయి. టీ కొట్టాయన చెబితే ఇంకో ఊరు వెళ్ళారు. అక్కడ రైల్వే కాలనీ మొదట్లో, నల్లరంగు, ఎర్ర బఫర్ బీమ్, క్యాబ్ మీద పచ్చరంగుతో ‘క’ నంబరు వేసి ఒక వైపీ నిలబడి ఉంది. పెద్దాయన్ని ఇద్దరు పట్టుకుని పైకెక్కించారు. ఆయన లోపల అటూ ఇటూ చూసి, దిగి, “ఇది మా బండి కాదురా” అన్నారట.

“సార్, నాన్నకి వయసైపోయింది. నంబరైతే అదే ఉంది. మీరొకసారి చూసి అదే బండి అని చెబితే ఆయన నమ్ముతారు” అన్నారు కొడుకు.

ఆ మాటలో నేను పట్టించుకోనిది ఒకటుంది. ఆయన నన్ను అడిగింది నిజం తేల్చమని కాదు, ఫలానా జవాబు చెప్పమని. కేసు ఏ గుమ్మంలోంచి వచ్చిందో చూసుకోకుండా మొదలుపెట్టాను.

మొదట చేసినది, ఎందుకు చేశాను

నా ముందు మూడు అవకాశాలున్నాయి. మొదటి ఊరి ఇంజనే రెండో ఊరికి మారి ఉండాలి. లేదా మొదటిది తుక్కయిపోయి, దాని నంబరు ఇంకోదానికి వేసి ఉండాలి. లేదా మొదటి ఊళ్ళో ఉన్నదే ‘క’ కాకపోయి ఉండాలి, అంటే జాబితాయే తప్పు. మొదటిదే ఎక్కువ నమ్మకంగా కనిపించింది. బ్రాడ్‌గేజ్ పనుల కోసం స్టేషన్ ఆవరణ మార్చినప్పుడు దిమ్మెలు తీసేయడం మామూలే. అంత కష్టపడి నిలబెట్టినదాన్ని తుక్కుకి వేయరు, ఇంకోచోట పెడతారు అనుకున్నాను. ఇందులో తర్కం కంటే ఆశ ఎక్కువ.

1970లు, 80లలో మన ఆవిరి బళ్ళను ఫొటోలు తీయడానికి బ్రిటన్ నుంచి, జర్మనీ నుంచి మనుషులు ప్రత్యేకంగా వచ్చేవారు. వాళ్ళ ఫొటోల పుణ్యమా అని ఈ పనిలో సగం సాగుతోంది. ‘క’ పనిలో ఉన్నప్పటి ఫొటో ఒకటి దొరికింది. ఇంజన్ వెనక బొగ్గు, నీళ్ళు మోసే టెండర్‌కి ఎడమ పక్కన, కింద అంచుకి దగ్గర్లో ఒక అతుకు ఉంది. నీళ్ళు కారుతుంటే వేసిన ప్లేటు, చుట్టూ రివెట్లు. ఒక మూల రివెట్ మాత్రం వరస తప్పి కాస్త లోపలికి పడింది. రెండో ఊరు వెళ్ళి చూస్తే టెండర్ మీద అదే అతుకు, అదే వంకర రివెట్. వేలితో తడిమి మరీ చూశాను.

ఇంకేముంది, తేలిపోయిందనుకుని ఆ రాత్రే కొడుకుకి మెసేజ్ పెట్టాను: అదే బండి, అనుమానం అక్కర్లేదు.

మర్నాడు పెద్దాయనే ఫోన్ చేశారు. “బాబూ, టెండర్ మాదే అయ్యుంటుంది. ఇంజన్ మాది కాదు. డ్రైవర్ సీటు దగ్గర కాళ్ళకింద ఫుట్‌ప్లేటు రేకుకి కన్నం పడితే షెడ్డులో బాయిలర్‌మేకర్‌ని బతిమాలి చెకర్డ్ ప్లేటు ముక్క వెల్డింగ్ చేయించుకున్నాను. రెండు అరచేతులంత ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఆ ముక్క మీద కాలు పెట్టాను. అక్కడ అది లేదు.”

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. “రంగులేసేటప్పుడు రేకు మార్చి ఉంటారండీ” అన్నాను. అదీ జరగగల పనే. కానీ ఆయన్ని ఒప్పించడానికి అన్నానే తప్ప, పరీక్షించి అనలేదు. పాతవాళ్ళ జ్ఞాపకాల్ని నమ్మకూడదని నాకొక నియమం ఉండేది. అంకెలు, సంవత్సరాల విషయంలో ఆ నియమం ఇప్పటికీ సరైనదే. కాలు ఇరవై ఏళ్ళు గుర్తుపెట్టుకున్నదానికి అది వర్తించదని అప్పటికి తట్టలేదు.

ఎదురుదెబ్బలు

ఆయన మాట మూడు రోజులు నమిలాక మళ్ళీ మొదలుపెట్టాను.

సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ఒక డివిజన్ ఆఫీసుకి అర్జీ పెట్టాను. “వైపీ ‘క’ నంబరు ఇంజన్ ప్రస్తుతం ఎక్కడ ఉంది, దాని చరిత్ర ఏమిటి?” ముప్పై రోజులకి ఒక్క వాక్యం వచ్చింది: సమాచారం అందుబాటులో లేదు. మొదట ఒళ్ళు మండింది కానీ తప్పు నాదే. ఆ చట్టం కింద వాళ్ళు ఇవ్వాల్సింది తమ దగ్గరున్న కాగితం. ప్రశ్నకి పరిశోధన చేసి జవాబు రాయాల్సిన పని వాళ్ళది కాదు. ఏ కాగితం కావాలో నేను అడగనే లేదు.

పాత సిబ్బందిని కలిశాను. ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. బొంబాయి పార్టీ కొనుక్కుపోయిందని ఒకరు, గుజరాత్ మ్యూజియానికి వెళ్ళిందని ఒకరు, అసలు అక్కడ ఉన్నది వైజీ అని ఇంకొకరు. మూడో ఆయన చెప్పింది తప్పని ఫొటోలో చక్రాలు లెక్కపెడితే తేలిపోయింది. మిగతా ఇద్దరిదీ విన్నమాట. ‘మీరు కళ్ళారా చూశారా’ అని అడిగితే ఇద్దరూ ఎవరో చెప్పారన్నారు.

తయారీదారుల ప్లేటు దారి కూడా ప్రయత్నించాను. ఇత్తడి ప్లేట్లు ఎప్పుడో దొంగలపాలవుతాయి, కానీ బోల్టు రంధ్రాలు మిగులుతాయి. నార్త్ బ్రిటిష్ వాళ్ళ డైమండ్ ప్లేటు రంధ్రాలు ఒకలా ఉంటే, మిగతావాళ్ళవి వేరేలా ఉంటాయి. పనికొస్తుందనుకున్నాను. ‘క’ నంబరు టెల్కో వరసలోది, ఇక్కడున్న రంధ్రాలూ టెల్కోవే. వందల ఇంజన్లకి సరిపోయే సాక్ష్యం సాక్ష్యం కాదు, ఆ దారి వదిలేశాను.

పనిచేసినది

ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ పనికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు.

ఆవిరి ఇంజన్ వర్క్‌షాపుకి పీఓహెచ్‌కి, అంటే కొంతకాలానికోసారి చేసే పూర్తి మరమ్మతుకి, వెళితే ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. బాయిలర్ బాగుచేయడానికి ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి, సిద్ధంగా ఉన్న ఇంకో బాయిలర్ ఎక్కించి బండిని పంపేస్తారు. టెండర్లూ మారతాయి. అందుకే బాయిలర్ మీద నంబరుతో, టెండర్ మీద గుర్తులతో ఇంజన్‌ని పోల్చుకోలేం. నేను సరిగ్గా ఆ రెండో తప్పే చేశాను. మా లెక్కలో బండి అంటే దాని ఫ్రేమ్. ఫ్రేమ్ ఏ నంబరుదైతే ఇంజన్ ఆ నంబరుదే.

విడదీసిన భాగాలు కలిసిపోకుండా ఫిట్టర్లు ఇంజన్ నంబరును చక్రాలను తిప్పే కనెక్టింగ్ రాడ్, కప్లింగ్ రాడ్లు, క్రాస్‌హెడ్ లాంటి భాగాలమీద పంచ్‌తో కొట్టి పెడతారు. ఒక ఇంజన్ రాడ్ ఇంకోదానికి వేస్తే, పాత నంబరు మీద ఉలితో గీత కొట్టి పక్కన కొత్తది కొడతారు. రంగులేసే కాంట్రాక్టర్ క్యాబ్ మీద ఏ నంబరైనా రాయగలడు. రాడ్ మీద పంచ్ కొట్టడు.

రెండో ఊరి అధికారులకి అనుమతి కోసం ఉత్తరం పెట్టాను. ఏం చేస్తానో, ఏం చేయనో స్పష్టంగా రాశాను: గీకను, విప్పను, అగ్గిపెట్టెంత జాగాలో రంగు తుడుస్తాను, మళ్ళీ వేసి వెళతాను. ఆరు వారాల తర్వాత ఒక సీనియర్ సెక్షన్ ఇంజినీర్‌ని తోడిచ్చి రమ్మన్నారు. ఆ కుర్రాడు పుట్టేనాటికి మీటర్‌గేజ్ ఆవిరి దాదాపు ఆగిపోయింది. కానీ గంట తిరక్కుండా నాకంటే ఆసక్తిగా నేలమీద పడుకుని టార్చ్ వేశాడు.

రాడ్లకి వెండిరంగు మందంగా వేశారు. కుడివైపు కప్లింగ్ రాడ్ మీద గుడ్డతో థిన్నర్ అద్ది మెల్లగా తుడిస్తే అంకెలు తేలాయి. ‘క’! గుండె దడదడలాడింది. పెద్దాయనకి ఫోన్ చేయబోయి ఆగాను, ఒకసారి తొందరపడినవాణ్ణి కదా. దాని మీద తెల్లకాగితం పరిచి పెన్సిల్ అడ్డంగా పట్టి రుద్దాను. కంటికి కనపడనిది కాగితం మీద కనిపించింది. ‘క’ అంకెల మీదుగా ఒక ఉలి గీత. దాని పక్కన ఇంకా కాస్త లోతుగా ‘చ’. ఎడమ రాడ్ మీద ఒక్క ‘చ’. రెండు క్రాస్‌హెడ్ల మీదా ‘చ’. సిలిండర్ వెనక ఫ్రేమ్ మీద, నాలుగు పొరల రంగు కింద, మళ్ళీ ‘చ’.

చీకటి పడ్డాక క్యాబ్ దగ్గరికి వచ్చాం. టార్చ్‌ని రేకుకి ఆనించి ఏటవాలుగా వేస్తే పాత అంకెల అంచులు కొత్త రంగు కింద గట్లలా లేచి కనిపిస్తాయి. పగలు ఎంత చూసినా కనపడవు. మొదటి రెండంకెలు రెండు నంబర్లకీ ఒకటే. మూడోది, నాలుగోది మాత్రం ‘క’వి కావు. ఆఖరి అంకె చుట్టూ ఇంకో అంకె పొట్ట బయటికి ఉబ్బి ఉంది. తోడొచ్చిన కుర్రాడు ఫోన్‌లో ఫొటో తీస్తూ, “సార్, అయితే ఇన్నాళ్ళూ మేం వేరేవాళ్ళ పేరు రాసి దండలేస్తున్నామా?” అన్నాడు. ఏటా విశ్వకర్మ పూజకి ఆ ఇంజన్‌కి దండ వేస్తారట.

పెద్దాయన ముందే చెప్పినట్టు, ఇంజన్ ‘చ’, టెండర్ ‘క’. మరో అవమానం ఏమిటంటే, నా జాబితాలో ‘చ’ ఎదురుగా ‘తుక్కు’ అని రాసి ఉంది. ఉన్నదాన్ని పోయిందనీ, పోయినదాన్ని ఉందనీ రాసుకున్నాను.

మరి ‘క’ ఏమైంది?

ఇప్పుడు అర్జీ రాయడం తెలిసింది. ఇంజన్ గురించి అడగకుండా కాగితాల గురించి అడిగాను. మొదటి ఊళ్ళో దిమ్మె తొలగించిన పనికి ఇచ్చిన వర్క్ ఆర్డర్ నకలు, ఆ రెండేళ్ళలో ఆ స్టేషన్ నుంచి స్టోర్స్‌కి తుక్కు అప్పగించినప్పుడు రాసే డీఎస్-8 అనే నోట్లు, తుక్కు అమ్మకపు లాట్ల వివరాలు. సంబంధం లేని ఆఫీసుకి వెళితే సెక్షన్ 6(3) కింద అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలని కూడా గుర్తుచేశాను. వర్క్ ఆర్డర్ గడువు తీరి నాశనం చేశామన్నారు, డీఎస్-8 లేదన్నారు. మొదటి అప్పీలు వేశాక అమ్మకపు లాట్ల షీటు ఒకటి వచ్చింది. అందులో ఒక వరస: మీటర్‌గేజ్ ఆవిరి ఇంజన్ బాడీ, టెండర్ లేకుండా, ఒకటి.

నంబరు లేదు. కానీ ‘టెండర్ లేకుండా’ అన్న మాట నన్ను కుర్చీలోంచి లేపింది. చుట్టూ పట్టాలు బ్రాడ్‌గేజ్ అయ్యాక మీటర్‌గేజ్ బండి దొర్లదు, క్రేన్‌తో ఎత్తాల్సిందే. ఎత్తాలంటే ఇంజన్‌కీ టెండర్‌కీ మధ్య డ్రాబార్ పిన్ను తీసి విడదీయాలి. అలా విడిపోయిన టెండర్, తన టెండర్ పాడైపోయిన ‘చ’ వెనక చేరింది. రంగులేసే మనిషి టెండర్ మీద కనిపించిన నంబరే క్యాబ్ మీదా ఎక్కించి ఉంటాడు. ఇంజన్‌ని ఒంటరిగా వేలానికి పెట్టారు. ఇందులో టెండర్ సంగతి రుజువైనది, మిగతాది నా ఊహ. అందుకే నా పుస్తకంలో ‘క’ ఎదురుగా ‘తుక్కయినట్టే’ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం ఉంచాను. ఆ షీటులోదే అని ఒట్టు పెట్టలేను.

ఏం మార్చుకున్నాను

పుస్తకంలో ‘నంబరు’ అని ఒకే గడి ఉండేది, ఇప్పుడు నాలుగున్నాయి: రంగుతో రాసింది, రాడ్ల మీద ఉన్నది, ఫ్రేమ్ మీదది, టెండర్‌ది. ‘భద్రపరిచారు’ అన్న మాట తేదీ లేకుండా రాయడం మానేశాను. ‘ఫలానా నెలలో నేను చూశాను’ అంటే ఒక అర్థం, ‘ఉందట’ అంటే ఇంకో అర్థం. జాబితాలు ఒకదాన్నొకటి చూసి రాసుకున్నవే కాబట్టి పది జాబితాలు ఒకే మాట చెప్పినా దాన్ని ఒక్క సాక్ష్యంగానే లెక్కేస్తున్నాను. ఇక డ్రైవర్లు, ఫైర్‌మన్లు దొరికితే నంబర్లు అడగను. కాలు ఎక్కడ పెట్టేవారు, ఏ హ్యాండిల్ బిగుసుకుపోయేది, ఏ తలుపు గాలికి కొట్టుకునేది అని అడుగుతాను.

జవాబు ఎలా చెప్పాలన్నది మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. కొడుకు ‘అదేనని చెప్పేయండి సార్, ఆయన సంతోషపడతారు’ అని మళ్ళీ అడిగారు. చెప్పేసేవాణ్ణేమో, మొదటిసారి అలా చెప్పినప్పుడు ఆయన సంతోషపడి ఉంటే. ఆయన పడలేదు. తన కాలికి తెలిసినదాన్ని కాదంటున్నారని బాధపడ్డారు. కాగితాలన్నీ తీసుకుని నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

పెన్సిల్ రుద్దిన కాగితాలు టీపాయ్ మీద పరిచాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, ఉలి గీత మీద గోరు పెట్టి కాసేపు చూశారు. ‘క’ తుక్కయి ఉంటుందంటే తలూపారు, ముందే తెలిసినట్టు. “టెండర్ ఉంది కదా, చాలు. బొగ్గు వేసింది అందులోంచే” అన్నారు. తర్వాత ‘చ’ నంబరు మీద వేలు పెట్టి కోడలిని పిలిచారు.

“అమ్మా, ఆ పాత డైరీ తీసుకురా. ఈ బండి డ్రైవర్ మా బ్యాచే. ఆయన పోయి పదేళ్ళయింది. బండిని కోసేశారని వాళ్ళావిడ ఇప్పటికీ అనుకుంటోంది.”

డైరీలో ఉన్నది ఆరంకెల ల్యాండ్‌లైన్ నంబరు. అది పనిచేయలేదు. వాళ్ళ వీధిలో ఉండే ఒక గార్డు గారి అబ్బాయి దొరికాడు, ఆదివారం కనుక్కుని చెబుతానన్నాడు.